మళ్లీ చేతికొస్తున్న చిత్రిక: అభిరుచి వడ్రంగులు పాత పనిముట్ల వైపు ఎందుకు మళ్లుతున్నారు?

కరెంటు రంపం అర నిమిషంలో కోసే పలకను పది నిమిషాలు శ్రమించి చేతి రంపంతో కోయడానికి ఇష్టపడేవారు ఇప్పుడు అనేక దేశాల్లో కనిపిస్తున్నారు. వీరిలో చాలామందికి వడ్రంగం జీవనాధారం కాదు. వారమంతా కార్యాలయంలో పనిచేసి, సెలవు రోజున ఇంటి వరండాలోనో, కారు నిలిపే చోటనో ఒక బల్ల వేసుకుని స్టూలు, పుస్తకాల అర, పిల్లల బొమ్మ వంటివి చేసుకునేవారు వీరు. సాధారణంగా డ్రిల్లు, కరెంటు రంపం, ఇసుక కాగితం తిప్పే యంత్రంతో ఈ అభిరుచి మొదలవుతుంది. కొంతకాలం గడిచాక వారి దృష్టి ఉలి, చిత్రిక, చేతి రంపం, సానరాయి వైపు మళ్లుతుంది.

పైకి చూస్తే ఇది పాతకాలంపై మమకారంలా అనిపిస్తుంది. అయితే దీని వెనుక ఆరోగ్యం, భద్రత, ఇంటి స్థలం, చెక్క స్వభావం వంటి ఆచరణాత్మక కారణాలు ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చేతి పనిముట్టు కొనుక్కుంటే సరిపోదు. దానికి పదును పెట్టడం, చెక్క నారల దిశ గమనించడం, జారిపోని అతుకు వేయడం తెలిసిన మనిషి పక్కన ఉండాలి. మన దేశంలో అటువంటి మనుషులు ఇంకా ఉన్నారు. కానీ వారి చేతుల్లోని పనిముట్లు వేగంగా మారిపోతున్నాయి. సమయం, డబ్బు ఉన్న అభిరుచిపరుడు ఒకవైపు, జ్ఞానం ఉన్న వృత్తి వడ్రంగి మరోవైపు నిలిచిన ఈ సంధికాలంలో వారిద్దరూ కలుస్తారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఎప్పుడు పక్కకు జరిగాయి, ఎలా తిరిగొచ్చాయి

చిత్రిక చాలా ప్రాచీనమైన పనిముట్టు. అగ్నిపర్వతం బూడిదలో సమాధి అయిన ఇటలీలోని పాంపే నగర శిథిలాల్లో రోమన్ల కాలపు చిత్రికలు బయటపడ్డాయి. 1545లో మునిగిపోయి, 1982లో సముద్రం నుంచి వెలికితీసిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో వడ్రంగుల పెట్టెలు పనిముట్లతో సహా దొరికాయి. శతాబ్దాల పాటు చిత్రిక అంటే కొయ్య దిమ్మెలో బిగించిన ఉక్కు బ్లేడే.

19వ శతాబ్దంలో అమెరికాకు చెందిన లెనార్డ్ బెయిలీ ఇనుప చిత్రికకు కొత్త రూపం ఇచ్చాడు. ఒక మరను తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి ముందుకో వెనక్కో కదిలే ఏర్పాటు అందులో ఉంది. ఆయన పేటెంట్లను 1869లో స్టాన్లీ సంస్థ కొనుగోలు చేసింది. నేడు ప్రపంచవ్యాప్తంగా దుకాణాల్లో కనిపించే ఇనుప చిత్రికల్లో అత్యధిక భాగం ఆ నమూనాకు వారసులే.

1917లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థకు తుపాకి పిడి ఆకారంలో ఉన్న చేతి డ్రిల్లుకు పేటెంటు లభించింది. విద్యుత్ పనిముట్ల యుగానికి అదొక మైలురాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇవి చౌకగా ఇళ్లలోకి చేరాయి. దాంతో పాశ్చాత్య దేశాల్లో చేతి పనిముట్ల గిరాకీ పడిపోయింది. నాణ్యత కూడా దిగజారింది. ఒకప్పుడు కొన్న రోజే పనికి సిద్ధంగా ఉండే ఉలి, చిత్రిక తర్వాతి కాలంలో ఎంతో సరిచేస్తే తప్ప పనికిరాని స్థితికి చేరాయి.

1970ల చివర ఈ ప్రవాహానికి ఎదురీత మొదలైంది. సైబీరియాలో పుట్టి, స్వీడన్‌లో వృత్తి నేర్చిన జేమ్స్ క్రెనోవ్ 1976లో తన తొలి పుస్తకం వెలువరించాడు. సొంతంగా చేసుకున్న కొయ్య చిత్రికతో, చెక్క గుణాన్ని అనుసరించి పనిచేయడం ఆయన పద్ధతి. 1981లో కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో ఆయన ఆధ్వర్యంలో శిక్షణ తరగతులు ఆరంభమయ్యాయి. 1979లో రాయ్ అండర్‌హిల్ అమెరికా ప్రజా టెలివిజన్‌లో కరెంటు వాడని వడ్రంగంపై కార్యక్రమం మొదలుపెట్టి, దశాబ్దాల పాటు నడిపాడు. 1981లోనే అమెరికాలోని మేన్ రాష్ట్రంలో లీ-నీల్సన్ సంస్థ పాత నమూనాల చిత్రికలను మేలైన లోహంతో తిరిగి తయారుచేయసాగింది. కెనడాలోనూ ఇదే బాటలో వెరిటాస్ పేరిట పనిముట్లు వచ్చాయి. తర్వాతి తరంలో వీడియోలు ఈ విద్యను ఇంటింటికీ చేర్చాయి.

గోల్కొండ పేరు మోసిన భవనం

ఈ చరిత్రలో భారతదేశానికి కూడా ఒక పుట ఉంది. అమెరికాలో జపాన్ మూలాలున్న కుటుంబంలో 1905లో జన్మించిన జార్జ్ నకషిమా వాస్తుశిల్పి. 1930ల చివర ఆయన పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమంలో నిర్మాణమైన గోల్కొండ్ వసతి గృహం పనులను దగ్గరుండి చూశారు. ఆ భవనానికి నాటి హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. వజ్రాలకు పేరుగాంచిన గోల్కొండ పేరు దానికి ఆ విధంగా వచ్చింది. గాలి ఆడుతూనే గదికి మరుగు కల్పించేలా పలకలను ఎగుడు దిగుడుగా కూర్చిన టేకు తలుపులు ఆ భవనంలో నేటికీ ఉన్నాయి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతి వారిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. 1942లో ఐడహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరానికి చేరిన నకషిమాకు అక్కడ గెంటారో హికొగావా అనే జపాన్ సంప్రదాయ వడ్రంగి తారసపడ్డారు. జపనీస్ చేతి పనిముట్ల వాడకం, అతుకులు వేసే తీరు ఆయన వద్దే నేర్చుకున్నారు. చదువుకున్న వాస్తుశిల్పికి ఒక వృత్తి వడ్రంగి గురువయ్యాడు. విడుదలయ్యాక పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో స్థిరపడిన నకషిమా చేసిన బల్లలు, కుర్చీలు తర్వాత ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. 1964లో ఆయన అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలోనూ పనిచేశారు.

పుస్తకాలు, వీడియోలు ఎన్ని ఉన్నా, చేతి పనిలో కొంత జ్ఞానం మనిషి నుంచి మనిషికే అందుతుందనడానికి ఈ ఉదంతం ఒక సాక్ష్యం.

యంత్రం వద్దనడానికి కారణాలు

అభిరుచిపరులు చేతి పనిముట్లను ఎంచుకోవడానికి మొదటి కారణం దుమ్ము. వేగంగా తిరిగే యంత్రాలు చెక్కను కంటికి కనిపించనంత సన్నని పొడిగా మార్చి గాలిలోకి వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమయ్యే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు, దాని చుట్టూ ఉండే గాలి గదులకు వచ్చే క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉన్నట్లు తేలింది. చిత్రిక నుంచి వచ్చేది దుమ్ము కాదు, చుట్టలు చుట్టుకునే పలుచని పొరలు. అవి నేల మీద పడతాయే తప్ప ఊపిరితిత్తుల్లోకి పోవు. చేతి రంపం పొట్టు కూడా చాలావరకు ముతకగా ఉండి కిందికే రాలుతుంది.

రెండో కారణం ప్రమాదాలు. బల్లకు బిగించిన వృత్తాకార రంపం తగిలి అమెరికాలో ఏటా సుమారు 30 వేల మంది గాయపడుతున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ అంచనా. వేళ్లు తెగిపోయిన సందర్భాలూ వాటిలో వేలల్లో ఉన్నాయి. ఉలి కూడా గాయం చేస్తుంది. పదునైన ఉలి ఎముక దాకా దిగగలదు. అయితే దాన్ని నడిపే బలం మన చేతిదే కనుక ఆగడం మన చేతిలోనే ఉంటుంది.

మూడోది చప్పుడు, చోటు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పూట కరెంటు రంపం నడిపితే పొరుగువారు ఊరుకోరు. చిత్రిక చప్పుడు గోడ దాటదు. పనిముట్లన్నీ ఒక పెట్టెలో ఇమిడిపోతాయి.

అలాగని యంత్రాన్ని పూర్తిగా తోసిపుచ్చడం సరికాదు. గరుకు మొద్దును సమానమైన మందం గల పలకలుగా మార్చడం చేతితో చేస్తే నడుము విరిగే పని. ఈ దశ వరకు సా మిల్లు సహాయం తీసుకుని, కొలత, అతుకు, తుది మెరుగు మాత్రం చేతితో చేసేవారే ఎక్కువ. ప్లైవుడ్, ఎండీఎఫ్ వంటి పలకల్లోని జిగురు ఉలి అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. పైగా ఎండీఎఫ్‌లో నార ఉండదు కనుక చిత్రికకు అక్కడ పనిలేదు. చేతి పనిముట్లు రాణించేది సహజమైన చెక్క మీదనే.

పదునే ప్రాణం

చేతి పనిముట్ల వైపు వచ్చిన కొత్తవారిలో చాలామంది మొదటి నెలలోనే నిరాశ పడతారు. చిత్రిక చెక్క మీద ఎగిరెగిరి పడుతుంది, ఉలి కోయడానికి బదులు నలుపుతుంది. లోపం చేతిలో ఉందనుకుంటారు. చాలాసార్లు లోపం అంచులో ఉంటుంది. దుకాణంలో కొన్న ఉలి, చిత్రిక సాధారణంగా పనికి తగిన పదునుతో రావు. ఆ పని కొన్నవారే చేసుకోవాలి.

పదును అంటే రెండు నున్నని తలాలు ఒక గీత వద్ద కలవడం. ఉలికి వెనుక తలం ఒకటి, ముందు వాలు రెండోది. ఈ రెండింటిలో ఏది గరుకుగా ఉన్నా అంచు రంపపు పళ్లలా బెసుకుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందుగా ఉలి వెనుక భాగాన్ని, అంచుకు దగ్గరగా ఉన్న కొద్ది మేర, అద్దంలా చదును చేస్తారు. ఇది ఉలి జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. ఆ తర్వాత వాలును సుమారు 25 డిగ్రీల కోణంలో అరగదీసి, చివరి అంచును 30 డిగ్రీల వద్ద నూరుతారు. కోణం తగ్గితే అంచు సులువుగా దిగుతుంది కానీ త్వరగా పెచ్చు లేస్తుంది. పెరిగితే ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ నెట్టడానికి బలం కావాలి. మెత్తని చెక్కకు ఒక కోణం, చేవ గట్టిగా ఉన్న చెక్కకు మరొక కోణం అన్న లెక్క ఇక్కడి నుంచే పుట్టింది.

నూరేటప్పుడు వెనుక వైపు వేలికి తగిలేంత సన్నని ఉక్కు పొర ఒకటి లేస్తుంది. అంచు పూర్తిగా చేరిందనడానికి అదే గుర్తు. ఆ పొరను నున్నని రాయి మీద, చివరగా తోలు పట్టీ మీద తీసేస్తే పదును సిద్ధమవుతుంది. కరెంటు సానపై తొందరపడితే ఉక్కు వేడెక్కి నీలిరంగు తిరుగుతుంది. అలా మారిన భాగం గట్టిదనాన్ని కోల్పోతుంది, పదును నిలవదు. మాటిమాటికీ నీటిలో ముంచుతూ నూరమని పెద్ద వడ్రంగులు చెప్పడంలోని శాస్త్రం ఇదే.

చిత్రిక విషయంలో మరో సూక్ష్మం ఉంది. నార ఎదురుగా లేచిన చోట చిత్రిక పడితే చెక్క పెచ్చులుగా ఊడి గుంటలు పడతాయి. ఇనుప చిత్రికలో అసలు బ్లేడు మీద ఆనించి ఉండే పై రేకు దీన్ని ఆపడానికే ఉంది. జపాన్‌లోని యమగాట విశ్వవిద్యాలయ ఆచార్యులు కాటో, కవాయి సూక్ష్మదర్శిని కింద చిత్రీకరించిన దృశ్యాల్లో దీని పనితీరు స్పష్టంగా కనిపిస్తుంది. పై రేకు అంచును బ్లేడు అంచుకు సుమారు 0.1 మిల్లీమీటరు దూరానికి తెచ్చినప్పుడు, పైకి లేచే పొర వెంటనే వెనక్కి మడతపడి, చెక్క చీలడానికి అవకాశం లేకుండా పోతుంది. ఈ దృశ్యాలు అభిరుచి వడ్రంగుల మధ్య ప్రచారంలోకి వచ్చాక, ఖరీదైన ప్రత్యేక చిత్రికలు లేకుండానే మామూలు చిత్రికతో మొండి చెక్కను నునుపు చేయవచ్చని చాలామంది గ్రహించారు. పాత వడ్రంగులకు తెలిసిన విద్యే అది, మధ్యలో మరుగున పడింది.

చెక్క చచ్చిన పదార్థం కాదు

కోసి, ఎండబెట్టి, రంగు వేసిన తర్వాత కూడా చెక్క కదులుతూనే ఉంటుంది. వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో వదిలి కుంచించుకుపోతుంది. శ్రావణంలో బిగుసుకున్న తలుపు చైత్రానికి వదులు కావడం అందరికీ అనుభవమే. ఈ కదలిక అన్ని వైపులా సమానంగా ఉండదు. పొడవున దాదాపు శూన్యం. వలయాలకు అడ్డంగా కొంత. వలయాల వెంబడి దానికి సుమారు రెట్టింపు. టేకు ఇతర చెక్కల కంటే తక్కువగా కదులుతుంది. తలుపులకు, నౌకలకు అది అంతగా ఎన్నికైనదీ అందుకే.

సంప్రదాయ అతుకులన్నీ ఈ కదలికకు చోటిస్తూ పుట్టినవే. ఒక చెక్క చివరను నాలుకలా మలిచి, రెండో చెక్కలో తొలిచిన గాడిలో దించడం వాటిలో ప్రధానమైనది. ద్వారబంధం నుంచి మంచం కోళ్ల దాకా ఇదే సూత్రం. తలుపు చట్రంలో గాడి తీసి, మధ్య పలకను జిగురు పెట్టకుండా వదులుగా కూర్చుతారు. ఉబ్బినా కుంచించుకుపోయినా ఆ పలక గాడిలోనే జరుగుతుంది కనుక తలుపు పగలదు. దాన్ని మేకులతో బిగిస్తే మొదటి ఎండాకాలానికే చీలుతుంది.

చేతితో పనిచేసేవారికి చెక్క ఎటు తిరిగిందో ముందుగా చెప్పేది పనిముట్టే. ఒక దిశలో నున్నగా సాగిన చిత్రిక, ఎదురు దిశలో తిప్పగానే గరగరమంటుంది. కణుపు దగ్గర చేతికి బరువు తెలుస్తుంది. యంత్రం ఈ తేడాలను తొక్కుకుంటూ పోతుంది. చెక్కను అర్థం చేసుకోవడానికి చేతి పనిముట్టు మంచి బడి అనడంలో అతిశయోక్తి లేదు.

తోసేవారు, లాగేవారు

పనిముట్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఐరోపా సంప్రదాయంలో రంపం ముందుకు తోసినప్పుడు కోస్తుంది. జపాన్ సంప్రదాయంలో వెనక్కి లాగినప్పుడు కోస్తుంది. లాగేటప్పుడు రేకు వంగదు కనుక దాన్ని చాలా పలుచగా చేయవచ్చు. కోత సన్నగా పడుతుంది, శ్రమ తగ్గుతుంది. జపాన్ చిత్రికను కూడా తన వైపే లాగుతారు. దాని బ్లేడులో కోసే అంచు గట్టి ఉక్కుతో, వెనుక భాగం మెత్తని ఇనుముతో ఉంటుంది. గట్టిదనం పదును నిలుపుతుంది, మెత్తదనం అంచు విరగకుండా కాపాడుతుంది.

1943లో టోక్యోలో జరిపిన ఒక పరిశీలనలో, అన్ని పనులూ చేయగల వడ్రంగి పూర్తి సరంజామాలో 179 పనిముట్లు ఉన్నట్లు నమోదైంది. వాటిలో ఉలులే 49. యంత్రాల రాకతో ఇవి కనుమరుగవుతున్న కాలంలో, 1984లో కోబె నగరంలో తకెనకా వడ్రంగి పనిముట్ల ప్రదర్శనశాల ఏర్పడింది. కొయ్య కట్టడాలను కాపాడే జపాన్ సంప్రదాయ నైపుణ్యాలను 2020లో యునెస్కో మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఎంత పలుచని పొర తీయగలరో చూసే చిత్రిక పోటీలు అక్కడ వృత్తి వడ్రంగులకూ, అభిరుచిపరులకూ కలిసి జరుగుతాయి. తల వెంట్రుక మందంలో పదో వంతు కంటే పలుచని పొరలు తీసేవారు వాటిలో ఉన్నారు.

భారతీయ వడ్రంగి నేల మీద కూర్చుని పనిచేసేవాడు. కాలి వేళ్లే అతడి పట్టుకర్ర. చెక్కను పాదాలతో అదిమిపెట్టి, రెండు చేతులతో ఉలి, కొడతి నడిపేవాడు. బాడిసతో పైపొర చెక్కి, చిత్రికతో నునుపు చేసేవాడు. బరువైన బల్ల అక్కరలేని ఈ పద్ధతి వల్ల పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఏ ఇంటి వాకిట్లోనైనా పనికి కూర్చోగలిగేవాడు. స్థలం తక్కువగా ఉన్న నేటి నగర అభిరుచిపరుడికి ఈ పద్ధతిలో నేర్చుకోదగింది చాలా ఉంది. అయితే చాలామంది విదేశీ వీడియోలు చూసి, వందల కిలోల బల్ల చేసుకోవడంతోనే ప్రారంభిస్తున్నారు.

మాటల్లో మిగిలిన వడ్రంగం

వడ్రంగి అన్న మాటకు మూలం సంస్కృతంలోని వర్ధకి. హిందీలోని బఢయీ కూడా ఆ మాట నుంచి వచ్చినదే. ఉలి ద్రావిడ పదం, తమిళ, కన్నడాల్లోనూ దాదాపు అదే రూపంలో ఉంది. కోస్తా తెలుగులో చిత్రిక అనే పనిముట్టును తెలంగాణలో చాలాచోట్ల రందా అంటారు. ఇది పారశీకం నుంచి ఉర్దూ, హిందీల మీదుగా వచ్చింది. రంధ్రాలు తొలిచే బరమాదీ అదే దారి. ఒక్క వడ్రంగి సంచిలో మూడు నాలుగు భాషల చరిత్ర ఉంటుంది.

ఈ పనిముట్లు ఇళ్లలో అరుదైపోయినా, భాషలో మాత్రం గట్టిగా నిలిచాయి. ఒక రచయిత సమాజాన్ని చిత్రిక పట్టాడని సమీక్షకులు రాస్తారు. ప్రతిభకు సానబెట్టాలని ఉపాధ్యాయులు చెబుతారు. ధైర్యం ఉన్నవాణ్ని చేవ గలవాడంటాం. చేవ అంటే చెట్టు నడిమి భాగంలోని గట్టి చెక్క. చెద పట్టని, నీటికి చెడని భాగం అదే. ఈ మాటలు వాడేవారిలో చిత్రికను చేత్తో పట్టినవారు ఎందరన్నది ఆలోచించదగిన విషయం.

వృత్తుల పదజాలాన్ని నమోదు చేసే పనిలో తెలుగు ముందంజ వేసింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని వెలువరించింది. ఇతర వృత్తుల సంపుటాలూ తర్వాత వచ్చాయి. కోశంలోకి చేరిన మాట చెరిగిపోదు. కానీ ఆ మాట సూచించే చేతి కదలిక కోశంలో ఇమడదు.

ఇంకా బతికి ఉన్న బడులు

చేతి పని పూర్తిగా అంతరించిందనుకోవడం పొరపాటు. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. ధ్వని బాగుండాలంటే గోడ మందం ఎక్కడ ఎంత ఉండాలో అక్కడి కళాకారులకు చేతి అనుభవం చెబుతుంది. కొండపల్లిలో తేలికైన తెల్లపొనికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. ఏటికొప్పాకలో మెత్తని అంకుడు కర్రను తిప్పుతూ ఉలితో గుండ్రంగా మలిచి లక్క రంగులు అద్దుతారు. ప్రతి చోటా చెక్కకు తగిన అంచు, అంచుకు తగిన పట్టు వేర్వేరుగా రూపొందాయి.

సాధారణ గృహ వడ్రంగుల పరిస్థితి వేరు. నాగలి, కాడి, ఎద్దుబండి చక్రం చేయించుకునే రైతులు తగ్గారు. ట్రాక్టర్లు వచ్చాయి. ఇళ్లలో కొయ్య ద్వారబంధాల స్థానంలో ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్ చేరాయి. వంటగది అరలు కర్మాగారంలో తయారై వస్తున్నాయి. కూలీ రోజు లెక్కన, పని గడువు లెక్కన సాగే చోట చేతి చిత్రిక పట్టే తీరిక వడ్రంగికి లేదు. ఆయన కరెంటు యంత్రానికి మారడం అనివార్యం, న్యాయం కూడా. దుమ్ము, చప్పుడు, ప్రమాదం భరించేది ఆయనే. అభిరుచిపరుడికి శాంతినిచ్చే నెమ్మదితనం వృత్తి వడ్రంగికి ఆదాయ నష్టం. ఈ తేడాను మరచి, యంత్రం వాడే వడ్రంగిని చిన్నచూపు చూడటం అన్యాయం.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల కోసం 15 వేల రూపాయల వోచరు, 5 శాతం వడ్డీపై రెండు విడతల్లో మొత్తం 3 లక్షల రూపాయల వరకు రుణం ఇందులో ఉన్నాయి. వృత్తిదారుడు కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఇది తోడ్పడుతుంది. ఆయనకు ఇప్పటికే తెలిసినదాన్ని ఇతరులకు నేర్పి ఆదాయం పొందే మార్గం మాత్రం విడిగా ఏర్పడాల్సి ఉంది. అభిరుచి వడ్రంగులు ఉపయోగపడగలిగేది ఇక్కడే. విదేశీ పనిముట్టుకు వేలు వెచ్చించేవారు, పదును పెట్టడం నేర్పే స్థానిక వడ్రంగికి ఒక రోజు కూలీకి తగ్గకుండా గురుదక్షిణ ఇస్తే, ఆ విద్యకు మళ్లీ విలువ కట్టినవారవుతారు. వడ్రంగం చాలాకాలం పుట్టుకతో ముడిపడిన వృత్తి. ఇతర ఇళ్ల పిల్లలు దాన్ని ఇష్టంతో నేర్చుకోవడం ఆ వృత్తి పట్ల ఉన్న సామాజిక దృష్టినీ కొంత మార్చగలదు.

మొదలుపెట్టేవారికి

ఆరంభంలో చాలా పనిముట్లు అక్కరలేదు. 6, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు మూడు, ఒక కొడతి, సన్నని పళ్ల చేతి రంపం ఒకటి, మధ్యరకం చిత్రిక ఒకటి, మూలమట్టం, కొలబద్ద, అంచుకు సమాంతరంగా గీత గీసే సాధనం ఉంటే చిన్న వస్తువులన్నీ చేయవచ్చు. చింత చేవతో కొడతిని సొంతంగా చేసుకోవచ్చు. ఉలులకు కేటాయించినంత డబ్బు సానరాళ్లకూ కేటాయించాలి. జలంధర్, లుధియానా వంటి చోట్ల తయారైన దేశీయ పనిముట్లు తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిని సరిచేసుకోవడానికి కొన్ని గంటలు పట్టినా, ఆ గంటల్లోనే పనిముట్టు స్వభావం బోధపడుతుంది.

పాత సామాన్ల అంగళ్లలో తుప్పు పట్టిన ఉలులు, చిత్రికలు కనిపిస్తాయి. పైపైన పట్టిన తుప్పుకు భయపడనక్కరలేదు. అంచు దగ్గర లోతైన గుంటలు, ఇనుప దిమ్మెలో పగుళ్లు ఉంటే వదిలేయాలి. రంపం కొనేటప్పుడు పళ్ల చివరలు నల్లగానో నీలంగానో ఉన్నాయేమో చూడాలి. అటువంటి పళ్లను కర్మాగారంలో గట్టిపరుస్తారు. అవి చాలాకాలం పదునుగా ఉంటాయి కానీ అరిగాక ఆకురాయితో తిరిగి పదును పెట్టడం కుదరదు. పాత పద్ధతి రంపాన్ని మాత్రం ఎన్నిసార్లయినా పదును పెట్టుకోవచ్చు.

చెక్క కోసం కూల్చివేసిన పాత ఇళ్ల దూలాలు, వాసాలు మంచి వనరు. దశాబ్దాలుగా ఎండిన చెక్క కనుక అది తక్కువగా మెలితిరుగుతుంది. లోపల విరిగిన మేకులు లేవని నిర్ధారించుకున్నాకే చిత్రిక పట్టాలి. టేకులో సహజంగా ఉండే సిలికా అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. తరచూ నూరవలసి రావడం పనిలో భాగమని ముందే అనుకోవాలి. ఉలి నడిపేటప్పుడు రెండు చేతులూ అంచుకు వెనుకే ఉండాలి, చెక్కను బిగించి ఉంచాలి. మొద్దుబారిన ఉలి పదునైన ఉలి కంటే ప్రమాదకరం. అది దిగనందున బలం పెంచుతాం, బలం పెరిగాక జారుతుంది.

ఇన్ని చెప్పుకున్నాక కూడా మిగిలే లోటు ఒకటుంది. రాయి మీద ఉలిని ఎంత అదమాలి, ఏ చప్పుడు వినిపిస్తే ఆపాలి అన్నది అక్షరాల్లో పెట్టడం కష్టం. చాలా ఊళ్లలో, నగరాల పాత పేటల్లో ఆ చప్పుడు తెలిసిన అరవై, డెబ్బై ఏళ్ల వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. వారి పనిముట్ల పెట్టెలు అటకల మీద ఉన్నాయి. పెట్టెను కొనుక్కునేందుకు తర్వాతైనా వీలుంటుంది. పదును పెట్టడం నేర్పించుకునేందుకు మాత్రం ఆ తరం ఉన్నంత వరకే అవకాశం.